ప్రాచీన ఆండీస్ ప్రజల పొడవాటి పుర్రెలు: ఎలా చేశారు, ఎందుకు చేశారు

2023 సెప్టెంబరులో మెక్సికో పార్లమెంటులో రెండు చిన్న ఎండిన దేహాలను పెట్టెల్లో ఉంచి చూపించారు. అవి పెరూ దేశపు నాజ్కా ప్రాంతంలో దొరికాయనీ, మనుషులవి కావనీ వాదించారు. ఆ దృశ్యాలు ప్రపంచమంతా తిరిగి తెలుగు ఛానెళ్లకూ చేరాయి. 2024 జనవరిలో పెరూ ఫోరెన్సిక్ నిపుణులు లీమా విమానాశ్రయంలో పట్టుబడిన అదే తరహా బొమ్మలను పరీక్షించి, జంతువుల ఎముకలనూ మనిషి ఎముకలనూ ఈ కాలపు జిగురుతో అతికించి వాటిని తయారు చేశారని తేల్చారు. బొమ్మల సంగతి అంతటితో తేలిపోయినా, వాటిని నమ్మించడానికి వాడుకున్న పొడవాటి తలల సంగతి మాత్రం చాలామందికి అయోమయంగానే మిగిలింది. ఎందుకంటే ఆ తలలు పూర్తిగా కల్పన కాదు. వెనక్కి సాగి, నుదురు వాలిపోయి, సాధారణ పుర్రెకంటే స్పష్టంగా వేరుగా కనిపించే నిజమైన మనుషుల పుర్రెలు, దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలున్న పెరూ, బొలీవియా, చిలీ దేశాల మ్యూజియాల్లో చాలా ఉన్నాయి. లీమాలోని జాతీయ పురావస్తు మ్యూజియంలో, ఇకా పట్టణంలోని ప్రాంతీయ మ్యూజియంలో ఎవరైనా వాటిని చూడవచ్చు.

అవి ఎవరివి, ఆ ఆకారం ఎలా వచ్చింది, దాని వెనుక ఉద్దేశం ఏమిటి అన్న మూడు ప్రశ్నలను విడివిడిగా చూడాలి. మొదటి రెండింటికి గట్టి జవాబులు ఉన్నాయి. మూడోదానిపై పరిశోధకుల మధ్య నిజమైన వాదోపవాదాలు సాగుతున్నాయి. ఈ మూడింటినీ కలిపేయడం వల్లనే గందరగోళమంతా పుడుతోంది.

పసిపాప పుర్రె ఎందుకు వంగుతుంది

పుట్టిన బిడ్డ తల ఒకే ఎముక కాదు. నుదుటి భాగం, రెండు పక్కల భాగాలు, వెనుక భాగం విడివిడి పలకలుగా ఉండి, వాటి మధ్య మెత్తని కణజాలంతో నిండిన అతుకులు ఉంటాయి. అతుకులు కలిసే చోట్ల ఖాళీలు ఉంటాయి. నడినెత్తిన ఉండే పెద్ద ఖాళీనే మనం మాడు అంటాం. ఆముదం అద్దేటప్పుడు వేలి కింద మెత్తగా, ఒక్కోసారి కొట్టుకుంటున్నట్టుగా తగిలే చోటు అదే. వెనుకవైపున్న చిన్న ఖాళీ రెండు మూడు నెలల్లో పూడుకుంటుంది. ముందున్న మాడు పూడటానికి సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. అతుకుల్లో చాలావరకు మాత్రం పెద్దవయసు దాకా పూర్తిగా కలిసిపోవు.

ఇలా ఉండటానికి కారణం ఉంది. పుట్టేటప్పుడు బిడ్డ మెదడు పెద్దవారి మెదడులో పావు వంతుకు కాస్త ఎక్కువ. మొదటి ఏడాదిలోనే అది రెండింతలకు మించి పెరుగుతుంది. మూడో ఏడు వచ్చేసరికి పెద్దవారి మెదడులో దాదాపు 80 శాతానికి చేరుకుంటుంది. లోపల అంత వేగంగా పెరిగే మెదడుకు చోటివ్వడానికి పైనున్న పలకలు జరుగుతూ, అతుకుల అంచుల వెంట కొత్త ఎముకను చేర్చుకుంటూ పోతాయి. ఆ దశలో తలపై ఒక వైపు నుంచి తక్కువ ఒత్తిడి ఎడతెగకుండా ఉంటే, ఎముక పెరుగుదల ఆ వైపు తగ్గి, అడ్డు లేని వైపు ఎక్కువవుతుంది.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. తలను బలంగా నొక్కి, ఎముకను వంచి ఆకారం తెస్తారని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. నిజానికి ఆకారాన్ని తెచ్చేది మెదడు పెరుగుదలే. బయటి కట్టు ఆ పెరుగుదలకు దారి చూపిస్తుంది, అంతే. అందుకే ఇది పసితనంలో తప్ప సాధ్యం కాదు. అయిదేళ్ల పిల్లవాడికి ఎంత గట్టిగా కట్టినా ఫలితం ఉండదు. నెలల బిడ్డకు మెత్తని ఉన్ని పట్టీ కూడా సరిపోతుంది. స్నానం చేయించేటప్పుడు తల గుండ్రంగా రావాలని అరచేతులతో దిద్దే అలవాటు మన ఇళ్లలోనూ ఉంది. ఆ చేతుల ఒత్తిడి కొన్ని నిమిషాలే ఉంటుంది కాబట్టి ఎముకపై దాని ప్రభావం నామమాత్రం. ఆండీస్‌లో కట్టిన కట్టు రాత్రింబవళ్లు ఉండేది.

ఈ సూత్రానికి నేటి వైద్యంలోనూ రుజువు ఉంది. పసిపిల్లలు నిద్రలో హఠాత్తుగా చనిపోవడాన్ని తగ్గించడానికి వాళ్లను బోర్లా కాక వెల్లకిలా గానీ పక్కకు తిప్పి గానీ పడుకోబెట్టాలని అమెరికా శిశువైద్యులు 1992లో సూచించారు. మరణాలు బాగా తగ్గాయి. దానితోపాటు తల వెనుక చదునైపోయిన బిడ్డల సంఖ్య పెరిగింది. అలాంటి కొందరు బిడ్డలకు వైద్యులు ప్రత్యేకమైన హెల్మెట్ పెట్టి, నెలల తరబడి ఉంచి, తలను గుండ్రంగా తెస్తారు. చదునైన చోట ఖాళీ వదిలి, ఉబ్బిన చోట ఆనేలా ఆ హెల్మెట్‌ను చేస్తారు. ప్రాచీన ఆండీస్ తల్లులు పట్టీలతో చేసిన పనికీ దీనికీ గమ్యాలు వేరు, పని చేసే తీరు మాత్రం ఒకటే.

బల్లలు, పట్టీలు: రెండు పద్ధతులు, రెండు ఆనవాళ్లు

పరిశోధకులు ఈ పుర్రెలను స్థూలంగా రెండు రకాలుగా విభజిస్తారు. అర్జెంటీనాలో పనిచేసిన మానవశాస్త్రవేత్త హొసె ఇంబెల్యోని 1930ల నాటికి స్థిరపరచిన వర్గీకరణే, ఎన్ని సవరణలు వచ్చినా, నేటికీ ఆధారంగా ఉంది.

మొదటిది బల్లల పద్ధతి. నుదుటిపై ఒక పలకనో గట్టి దిండునో, తల వెనుక మరొకటో ఉంచి, రెండింటినీ తాళ్లతో బిగిస్తారు. ముందూ వెనకా పెరగడానికి వీల్లేక తల పక్కలకు విస్తరిస్తుంది. వెనుక పలక నిలువుగా ఉంటే తల ఎత్తుగా, వెడల్పుగా వస్తుంది. ఏటవాలుగా ఉంటే వెనక్కి వాలుతుంది. రెండోది చుట్టు పట్టీల పద్ధతి. ఉన్ని పట్టీలనో నేసిన గుడ్డ పేలికలనో నుదుటి మీదుగా, చెవుల పైనుంచి వెనక్కి గుండ్రంగా చుడతారు. నాలుగు వైపులా పెరుగుదల తగ్గి, తల వెనక్కీ పైకీ గొట్టంలా సాగుతుంది. వార్తల్లో కనిపించే పొడవాటి పుర్రెల్లో చాలావరకు ఈ రెండో రకానివి, లేదా రెండు పద్ధతులూ కలిసినవి.

పుర్రెను చేతిలోకి తీసుకుని చూస్తే ఈ తేడా తెలుస్తుంది. బల్లల పద్ధతిలో నుదురు ఒక చదునైన తలంలా, వెనుక భాగం మరో తలంలా ఉండి, మధ్యలో చెవుల పై భాగాలు రెండు వైపులా ఉబ్బి ఉంటాయి. పట్టీల పద్ధతిలో నుదురు వెనక్కి వాలి, నుదుటి పలకా పక్క పలకలూ కలిసే అతుకుకు కాస్త వెనుక అడ్డంగా ఒక పల్లం కనబడుతుంది. పట్టీ పడి ఉన్న చోటది. ఆ పల్లం దాటగానే ఎముక మళ్లీ పైకి లేస్తుంది. ఒక్కోసారి రెండు పల్లాలు, మధ్యలో సన్నని మిట్ట కూడా ఉంటాయి. రెండు పట్టీల మధ్య వదిలిన ఖాళీలో ఎముక పెరిగిన గుర్తు అది. ఎన్ని పట్టీలు, ఎక్కడెక్కడ పడ్డాయో వందల ఏళ్ల తర్వాత కూడా ఎముక చెబుతుంది.

ఇవి కేవలం ఊహలు కావు. వర్షం దాదాపు పడని పెరూ తీరపు ఎడారిలో దేహాలూ గుడ్డలూ చెడకుండా నిలిచాయి. అలాంటి సమాధుల్లో తలకట్టు విప్పకుండానే పూడ్చిన పసిపిల్లలు దొరికారు. ఆకారం దిద్దే పని సగంలో ఉండగానే చనిపోయిన బిడ్డలు వాళ్లు. ఈ విషయంలో అంతకంటే సూటి సాక్ష్యం లేదు.

ఎంత పాతది, ఎంత విస్తృతం

చిలీ ఉత్తర తీరంలో మమ్మీలకు పేరుపొందిన చించోర్రో సమాజపు చివరి దశలోనే పట్టీల పద్ధతి ఆనవాళ్లు ఉన్నాయి. పెరూ దక్షిణ తీరంలోని పరాకస్ సంస్కృతిలో, సుమారు క్రీ.పూ. 800 నుంచి క్రీస్తుశకపు తొలి రోజుల వరకు, ఇది బాగా పెరిగింది. పెరూ పురావస్తుశాస్త్రానికి ఆద్యుడనదగ్గ హూలియో సి. తెయ్యో 1925లో పరాకస్ ద్వీపకల్పంలోని సెర్రో కొలొరాడో సమాధులను వెలుగులోకి తెచ్చారు. 1927లో దగ్గర్లోని వారి కయాన్ వద్ద 429 మమ్మీ మూటలు బయటపడ్డాయి. ఆ మూటల చుట్టూ ఉన్న రంగురంగుల ఉన్ని వస్త్రాలు ప్రపంచ నేత కళలోనే గొప్పవని పేరుపొందాయి. తెయ్యో క్వెచువా మాట్లాడే కొండ ప్రాంత కుటుంబంలో పుట్టి, వైద్యం చదివి, తర్వాత పురావస్తుశాస్త్రంలోకి వచ్చారు. తన పూర్వీకుల ఎముకలను వింత వస్తువులుగా కాక ఒక నాగరికతకు సాక్ష్యంగా చూడాలని పట్టుబట్టిన మనిషి కాబట్టి, ఈ చర్చలో ఆయన పేరు మరుగున పడటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

పరాకస్ తర్వాత నాజ్కా, పెరూ, బొలీవియా సరిహద్దులోని టిటికాకా సరస్సు దగ్గరి టివనాకు, అటకామా ఎడారి ఒయాసిస్సులు, ఈక్వెడార్ తీరం అన్నింటా ఏదో ఒక రూపంలో ఇది సాగి, స్పెయిన్ వాళ్లు వచ్చేనాటికి కూడా బతికే ఉంది. ఆండీస్‌కు మాత్రమే పరిమితమూ కాదు. మధ్య అమెరికాలోని మాయాలు, యూరప్‌లోకి వచ్చిన హూణులు, ఆఫ్రికాలోని మంగ్బెటూలు, చివరికి ఫ్రాన్స్‌లోని టులూజ్ పరిసరాల రైతులు కూడా, పద్ధతులూ కారణాలూ వేరైనా, పిల్లల తలలకు కట్లు కట్టారు.

పుట్టుకతో వచ్చిందా, చేత్తో చేసిందా: 19వ శతాబ్దపు వివాదం

ఈ తలలు గ్రహాంతరవాసులవనే వాదం కొత్తదేమీ కాదు. దాని వెనుక దాదాపు రెండు వందల ఏళ్ల నాటి ఒక పొరపాటు ఉంది. టిటికాకా ప్రాంతపు పుర్రెలు 19వ శతాబ్దంలో యూరప్, అమెరికా శాస్త్రవేత్తల చేతికి వచ్చినప్పుడు, ఇవి అంతరించిపోయిన వేరే జాతివని కొందరు అనుకున్నారు. పుర్రెలను కొలిచి జాతులకు హెచ్చుతగ్గులు కట్టిన శామ్యూల్ జార్జ్ మోర్టన్ 1839లో ఆ ఆకారం సహజమైనదని రాశారు. ఫ్రెంచి ప్రకృతిశాస్త్రవేత్త అల్సీద్ దోర్బీన్యీ ఆండీస్‌లో స్వయంగా తిరిగి, ఒకే సమాధుల్లో మామూలు తలలూ సాగిన తలలూ పక్కపక్కనే ఉన్నాయని చూపాక మోర్టన్ తన అభిప్రాయం మార్చుకున్నారు. అయినా 1851లో పెరూ పండితుడు మరియానో రివేరో, స్విట్జర్లాండ్‌కు చెందిన యోహాన్ చూడి కలిసి, గర్భంలోనే చనిపోయిన ఒక శిశువు మమ్మీలోనూ ఆ ఆకారం ఉందని చెప్పి పాత వాదాన్ని మళ్లీ లేవనెత్తారు. గర్భస్థ శిశువు పుర్రె పలకలు ఎంత పలుచనివంటే, ఎండటంలోనూ మట్టి బరువుకూ అవి ఎలాగైనా వంకర పోగలవు. ఆ ఒక్క ఉదాహరణ మీద ఒక జాతినే నిలబెట్టడం కుదరలేదు.

నేటి వాదన అదే పాత వాదన. అప్పటి "వేరే జాతి" అన్న మాట స్థానంలో "వేరే గ్రహం" అన్న మాట వచ్చింది. రెండింటిలోనూ ఆండీస్ ప్రజలు తమంతట తాము ఇంత పని చేయగలరని నమ్మకపోవడమే మూలంలో ఉంది. దీన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేను.

పెద్ద పుర్రె అంటే పెద్ద మెదడా? ఒక లెక్క

ఈ పుర్రెల లోపలి చోటు మామూలు మనిషి కంటే చాలా ఎక్కువని తరచూ అంటారు. లెక్క వేసి చూద్దాం. ఇవి విషయం అర్థం కావడానికి తీసుకున్న అంకెలు, ఏ ఒక్క పుర్రె కొలతలూ కావు. ఒక మామూలు పుర్రె పొడవు 18, వెడల్పు 14, ఎత్తు 13 సెంటీమీటర్లు అనుకుందాం. మూడింటినీ గుణిస్తే 3,276 వస్తుంది. పట్టీలు కట్టిన పుర్రె పొడవు 21, వెడల్పు 12, ఎత్తు అదే 13 అనుకుందాం. గుణిస్తే మళ్లీ 3,276. అసలు పుర్రె పెట్టె ఆకారంలో ఉండదు కాబట్టి ఇది లోపలి ఘనపరిమాణం కాదు. కానీ రెండు ఆకారాల మధ్య పోలికకు ఇది చాలు. పొడవు మూడు సెంటీమీటర్లు పెరిగి, వెడల్పు రెండు సెంటీమీటర్లు తగ్గితే మొత్తం మారలేదు. వెడల్పును పొడవుతో భాగించి నూటితో గుణించే సూచికలో మాత్రం మొదటి తల 78 దగ్గర, రెండోది 57 దగ్గర నిలుస్తుంది. కంటికి కనిపించే తేడా అంతా ఈ సూచికలోనే ఉంది. పక్కనుంచి తీసిన ఫొటోలో వెడల్పు కనిపించదు కాబట్టి పొడవు మాత్రమే కళ్లలో పడి, తల పెద్దదన్న భ్రమ కలుగుతుంది.

పుర్రె లోపలి పరిమాణాన్ని నిజంగా కొలిచిన అధ్యయనాలు కూడా ఈ ఆచారం మొత్తం పరిమాణాన్ని చెప్పుకోదగ్గంతగా మార్చదనే అంటున్నాయి. నడినెత్తిన ముందునుంచి వెనక్కి వెళ్లే అతుకు కొన్ని పుర్రెల్లో కనిపించదన్నది మరో వాదన. ఆ అతుకు వయసుతో పూడి చెరిగిపోవడం ఏ దేశపు మనుషుల్లోనైనా ఉన్నదే. ఇక డీఎన్‌ఏ సంగతి. పెరూ దక్షిణ తీరపు ప్రాచీన ఎముకలపై లార్స్ ఫెహ్రెన్ ష్మిట్జ్ బృందం 2010లో ప్రచురించిన ఫలితాల్లో, తల్లివైపు నుంచి వచ్చే వంశరేఖలన్నీ అమెరికా ఆదివాసుల్లో మామూలుగా కనిపించేవే. పొడవాటి పుర్రెల్లో "తెలియని డీఎన్‌ఏ" ఉందంటూ, పరిశోధన పత్రికల సమీక్షకు ఇవ్వకుండా ఇంటర్నెట్‌లో ప్రకటించిన ఫలితాలను వాటితో సమానంగా తూచలేం.

ఎందుకు చేశారు: కొండకు పోలిన తల

ఇక్కడి నుంచే అసలు చర్చ మొదలవుతుంది. ఇందులో అన్నిటికంటే విలువైన లిఖిత సాక్ష్యం పెరూ దక్షిణాన అరెకిపా ప్రాంతంలోని కోల్కా లోయది. 1586లో ఆ ప్రాంతపు స్పెయిన్ అధికారి హువాన్ దె ఉల్లోవా మొగొల్యోన్ తన నివేదికలో ఆ లోయలోని రెండు తెగలను వివరించాడు. పై లోయలోని కొల్యాగ్వాలు ఐమారా మాట్లాడేవారు. తాము కొల్యాగ్వాటా అనే అగ్నిపర్వతం నుంచి పుట్టామని నమ్మేవారు. బిడ్డ పుట్టగానే తలను బిగించి కట్టి, ఆ కొండలా సన్నగా, ఎత్తుగా చేసేవారు. వాటిపై చూకో అనే, అంచు లేని ఎత్తైన టోపీ పెట్టేవారు. కింది లోయలోని కవానాలు క్వెచువా మాట్లాడేవారు. వాళ్ల మూలపర్వతం వల్కా వల్కా అనే మంచు శిఖరం. వాళ్లు తలలను వెడల్పుగా, చదునుగా చేసేవారు.

ఈ వివరణలో ఎన్ని విషయాలు కలిసి ఉన్నాయో చూడండి. పూర్వీకుడైన కొండ, మాట్లాడే భాష, పెట్టుకునే టోపీ, తల ఆకారం నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి. లోయలో ఎదురుపడిన మనిషిని పలకరించకముందే అతను ఎవరి సంతానమో తెలిసిపోతుంది. బట్టలు మార్చుకోవచ్చు, టోపీ తీసేయవచ్చు, భాష కూడా నేర్చుకోవచ్చు. తలను మాత్రం మార్చుకోలేరు. దీన్ని బట్టే చాలామంది పరిశోధకులు తల ఆకారం ప్రధానంగా తెగ గుర్తు అని చెబుతారు. దీన్ని తెగ వాదం అందాం.

అయితే ఆ నివేదిక రాసింది పరిపాలనా అధికారి. పన్నుల కోసం, పాలన కోసం మనుషులను చక్కని గళ్లలో అమర్చుకోవడం అతని అవసరం. అతను చెప్పినంత స్పష్టంగా నేలలోని ఎముకలు కూడా విడిపోతాయా? అప్పట్లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉన్న మాథ్యూ వెలాస్కో ఈ ప్రశ్నతోనే కొల్యాగ్వాల సమాధుల్లోని 211 పుర్రెలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. అవి ఇన్కా సామ్రాజ్యం ఆ లోయకు రాకముందు, క్రీ.శ. 1150 నుంచి 1450 వరకు, కొండ చరియల్లో కట్టిన రాతి సమాధుల్లోవి. ఆ మూడు వందల ఏళ్లలో తొలి సగంలో తల దిద్దినవాళ్లు సుమారు 40 శాతం. మలి సగానికి అది 70 శాతం దాటింది. అంతకంటే ముఖ్యంగా, తొలి కాలంలో రకరకాలుగా ఉన్న ఆకారాలు తగ్గి, సన్నని పొడవాటి ఆకారమే ఎక్కువగా నిలిచింది.

దీన్నుంచి రెండు సంగతులు తెలుస్తున్నాయి. 1586లో అధికారి చూసిన "కొల్యాగ్వా తల" అనాదిగా వచ్చింది కాదు, కొన్ని తరాల్లో తయారైంది. పైగా ఎక్కువైన రోజుల్లో కూడా అందరికీ అది లేదు. తెగలో పుట్టిన ప్రతివారికీ ఉండే గుర్తయితే మిగిలిన పావు వంతు మంది ఎవరు?

హోదా గుర్తా?

ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబు హోదా వాదం. తల దిద్దడం పెద్ద కుటుంబాల ఆచారమని, మిగతావారు దానికి దూరంగా ఉన్నారని దీని సారం. వెలాస్కో ఎముకల రసాయనాన్ని కూడా పరీక్షించారు. తినే తిండి ఎముకల్లోని కార్బన్, నైట్రోజన్ రకాల్లో ముద్ర వేస్తుంది. తల దిద్దిన ఆడవాళ్ల తిండిలో, దిద్దని ఆడవాళ్ల కంటే ఎక్కువ రకాలు కనిపించాయి. వాళ్ల పుర్రెలపై దెబ్బల గుర్తులు కూడా తక్కువ. యుద్ధాలు, కొండకోటలు ఎక్కువైన ఆ కాలంలో ఇవి బలమైన ఆధారాలే. తలను బట్టి కొందరికి మెరుగైన తిండి, కాస్త భద్రత దొరికాయని వీటినిబట్టి చెప్పవచ్చు.

నా దృష్టిలో ఈ రెండు వాదాలూ ఒకదానికొకటి శత్రువులు కావు. పైస్థాయి కుటుంబాలు మొదలుపెట్టిన గుర్తు, ఇరుగుపొరుగుతో తగాదాలు పెరిగిన రోజుల్లో అందరి గుర్తుగా విస్తరించి ఉండవచ్చు. ఇన్కాలు వచ్చేసరికి దానికి ఒక తెగ పేరు అతుక్కుని ఉండవచ్చు. వెలాస్కో వాదన కూడా దాదాపు ఈ దిశలోనే సాగుతుంది. కానీ ఇది కోల్కా కథ. దీన్ని పరాకస్‌కో, అటకామాకో అంటగట్టకూడదు.

అన్ని తలలూ కలిసిన నగరం

టివనాకు ఉదాహరణ దీనికి భిన్నం. టిటికాకా సరస్సుకు దక్షిణాన, సముద్రమట్టానికి 3,800 మీటర్లకు పైన, సుమారు క్రీ.శ. 500 నుంచి 1000 దాకా వర్ధిల్లిన నగరమది. డెబొరా బ్లోమ్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ నగరానికి దగ్గరి కటారి లోయలో పట్టీల పద్ధతి తలలు, పసిఫిక్ వైపు వాలులోని మొకేగ్వా వలస గ్రామాల్లో బల్లల పద్ధతి తలలు కనిపించాయి. నగరంలో రెండూ ఉన్నాయి, అసలు దిద్దని తలలూ ఉన్నాయి. వేర్వేరు ప్రాంతాల వాళ్లు తమ గుర్తులతోనే వచ్చి ఒకే చోట బతికారని, నగరం ఆ గుర్తులను చెరపలేదని బ్లోమ్ వివరించారు. ఇక్కడ తల ఆకారం హెచ్చుతగ్గుల కంటే ఊరూ వంశమూ చెప్పే గుర్తుగానే ఎక్కువ కనిపిస్తోంది.

ఈ తరహా వాదనను సరిచూడటానికి పళ్లు పనికొస్తాయి. పంటి పైపొర చిన్నతనంలో ఏర్పడి మళ్లీ మారదు. అందులోని స్ట్రాన్షియం మూలకపు రకం, ఆ బిడ్డ తాగిన నీరూ తిన్న పంటా ఏ నేలవో చెబుతుంది. తల ఆకారం కూడా అదే వయసులో స్థిరపడుతుంది కాబట్టి, రెండూ ఒకే బాల్యానికి రెండు విడి సాక్ష్యాలు. ఉదాహరణకు మొకేగ్వాలో పూడ్చిన ఒకరి పంటిలో టిటికాకా నేల గుర్తు ఉండి, తల మాత్రం మొకేగ్వా తరహాలో ఉంటే, సరస్సు దగ్గర ఉన్నప్పుడే ఆ తల్లిదండ్రులు మొకేగ్వా వాళ్ల పద్ధతి పాటించారని అర్థం. తలా పన్నూ రెండూ పూడ్చిన చోటినే చూపిస్తే, వలస వచ్చారనడానికి ఆధారం లేదు. కేవలం తల చూసి "పరదేశి" అనేయడం తొందరపాటు.

ఎవరూ ఉద్దేశించని ఆకారాలు

మూడో అభిప్రాయం ఈ రెండింటికీ పునాదినే ప్రశ్నిస్తుంది. ఉద్దేశం ఉందని మనకెలా తెలుసు? పెరూ ఉత్తర, మధ్య తీరాల్లో తల వెనుక మాత్రమే చదునైన పుర్రెలు ఎక్కువ. వీటిలో చాలావరకు బిడ్డను గట్టి ఊయల బల్లపై కదలకుండా కట్టి పడుకోబెట్టడం వల్ల వచ్చినవని పెరూ వైద్యుడు పెద్రో వైస్ వంటివారు వివరించారు. అక్కడ ఆకారం ఒక ఫలితమే తప్ప లక్ష్యం కాదు. నుదుటిపై కూడా ఒత్తిడి గుర్తులు ఉంటేనే ఉద్దేశం ఉందని ధైర్యంగా చెప్పగలం. రెండింటి మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. ఊయల వల్ల వచ్చిన చదును తల అందంగా ఉందని అనిపించి, తర్వాతి తరం దాన్నే కావాలని తెచ్చుకుని ఉండవచ్చు.

మ్యూజియాల వల్ల వచ్చే వక్రీకరణ మరొకటి ఉంది. ఒక సమాధిలో నూరు పుర్రెలున్నాయనీ, వాటిలో నలభై దిద్దినవనీ, ఆ నలభైలో పది మాత్రమే బాగా సాగినవనీ అనుకుందాం. పాత రోజుల్లో తవ్విన వ్యక్తి పన్నెండు పుర్రెలు పట్టుకుపోతే, అందులో ఆ పదీ ఉండటం ఖాయం. చూడటానికి వచ్చినవారికి పన్నెండింట పది సాగిన తలలు కనిపిస్తాయి. అసలు నిష్పత్తి మాత్రం నూటికి పది. ఇవి కల్పిత అంకెలే అయినా, 19, 20 శతాబ్దాల సేకరణల తీరు సరిగ్గా ఇదే. అందుకే సమాధి మొత్తాన్ని లెక్కించే కోల్కా, టివనాకు వంటి అధ్యయనాలకు అంత విలువ.

బిడ్డకు హాని జరిగేదా?

ఈ ప్రశ్న అడగకుండా ముందుకు వెళ్లడం సరికాదు. ఎముకలు చెప్పేంతవరకు జవాబు ఇది. తల దిద్దిన ఎంతోమంది పెద్దవయసు దాకా బతికారు, పిల్లల్ని కన్నారు, వృద్ధులయ్యారు. పట్టీల వల్ల వెనుక అతుకుల్లో అదనపు చిన్న ఎముకలు ఏర్పడటం, రక్తనాళాల గాడులు దారి మార్చుకోవడం వంటి మార్పులు నమోదయ్యాయి. ప్రాణానికి ముప్పు తెచ్చేవి కావవి. పట్టీ మరీ బిగిస్తే చర్మం ఒరుసుకుని పుండు పడటం, చీము పట్టడం సాధ్యమే. కొన్ని పసి పుర్రెలపై అలాంటి గుర్తులున్నాయి. మనసుపై, తెలివిపై ప్రభావం ఎముకలో కనిపించదు. అయితే ఇలా తలలు దిద్దిన సమాజాలే ఎడారిలో కాలువలు తవ్వాయి, పరాకస్ వస్త్రాలు నేశాయి, టివనాకు రాతి ద్వారాలు నిలబెట్టాయి.

నాకు ఇంకా ముఖ్యమనిపించేది ఆ పనికి పట్టిన శ్రమ. బిడ్డ తల పెరిగేకొద్దీ కట్టు విప్పి, శుభ్రం చేసి, కొలత మార్చి మళ్లీ కట్టాలి. ఇది నెలల తరబడి, బహుశా రెండు మూడేళ్లు, ఏ రోజూ తప్పకుండా జరగాలి. చేసేది తల్లీ అమ్మమ్మే అయి ఉండాలి. ఆండీస్ ప్రజల గుర్తింపు గురించి రాజులు, యుద్ధాల భాషలో మాట్లాడతాం గానీ, దాన్ని నిజంగా తయారు చేసింది ఈ ఆడవాళ్ల చేతులు. బిడ్డకు మాత్రం ఇందులో ఎంపిక లేదు. తెగ వాదమైనా హోదా వాదమైనా, ఇంకొకరు తీసుకున్న నిర్ణయాన్ని ఆ మనిషి జీవితమంతా తలపై మోశాడన్న సంగతిని దాచకూడదు.

ఎలా ఆగింది

స్పెయిన్ పాలకులకు ఈ తలలు రెండు కారణాలతో నచ్చలేదు. కొండను పూర్వీకుడిగా కొలిచే నమ్మకానికి అది ఒంటిపై ఉన్న ముద్ర. క్రైస్తవంలోకి మార్చాలనుకున్న చర్చికి అది అడ్డు. రెండోది పాలన. 1570లలో వైస్రాయ్ ఫ్రాన్సిస్కో దె టొలేడో చెల్లాచెదురుగా ఉన్న కొండ ఊళ్లను ఖాళీ చేయించి, జనాన్ని గళ్లలా తిన్నని వీధులున్న కొత్త ఊళ్లలోకి చేర్చాడు. పన్నుకూ, గనుల్లో పనికీ, ఆదివారం ప్రార్థనకూ లెక్క సులువుగా ఉండాలన్నది ఉద్దేశం. అదే పాలనలో పిల్లల తలలు కట్టడాన్ని కూడా నిషేధించాడు. 1585లో లీమాలో జరిగిన చర్చి సభ దాన్ని మళ్లీ తప్పుబట్టి, వేర్వేరు పేర్లతో సాగుతున్న పద్ధతులకు శిక్షలు ప్రకటించింది.

ఒకే నేరాన్ని పదే పదే నిషేధించారంటే, మొదటిసారి అది ఆగలేదనే. కోల్కా నివేదిక రాసిన 1586 నాటికి నిషేధం అమల్లో ఉంది. ఆ అధికారి కూడా ఇది వైస్రాయ్ మాన్పించిన ఆచారమనే పేర్కొన్నాడు. అంటే అతను కళ్లారా చూసిన పొడవాటి తలలు నిషేధానికి ముందు పుట్టినవారివి. అప్పటి పెద్దవాళ్లు, వృద్ధులు. తర్వాతి తరం పిల్లలు ఆ కొత్త ఊళ్లలో, పూజారి కంటి ముందు, మామూలు తలలతో పెరిగారు. ఎత్తైన చూకో టోపీలు కూడా క్రమంగా మాయమై, వాటి స్థానంలో స్పెయిన్ తరహా అంచు టోపీలు వచ్చాయి. నేడు కోల్కా లోయకు వెళితే, పై లోయ ఆడవాళ్లు ఎత్తు తక్కువైన తెల్లని గడ్డి టోపీలు, కింది లోయ కబానాకొండె ఆడవాళ్లు దట్టమైన కుట్టుపని చేసిన గుడ్డ టోపీలు పెట్టుకుని కనిపిస్తారు. ఎవరు ఏ లోయవారో స్థానికులు దూరం నుంచే ఆ టోపీలను చూసి చెప్పగలరు.